స్తంభం చూసి కనెక్షన్

ప్రహ్లాదుడి తర్వాత స్తంభాన్ని అంతగా నమ్ముకున్నవారు ఎవరైనా ఉన్నారంటే వారు హైదరాబాద్ బ్రాడ్‌బ్యాండ్ చందాదారులే. అయినా కొత్త కనెక్షన్ తీసుకునే గృహస్థు తన నెట్ తీగను మోసే ఆ కరెంటు స్తంభం వంక కన్నెత్తి చూడడు. కరపత్రంలో 300 ఎంబీపీఎస్ (అంటే సెకనుకు 300 మెగాబిట్ల వేగం), దాని పక్కన ఓటీటీల వరుస, ఉచిత రౌటర్ చూసి, ఏడాది డబ్బు ముందే కట్టేస్తాడు. పైన 18 శాతం జీఎస్టీ ఉందన్న సంగతి రసీదు చేతికొచ్చాక గమనిస్తాడు.

వేగం విషయంలో మన విధానకర్తల ఓర్పును కొనియాడక తప్పదు. 2004లో సెకనుకు 256 కిలోబిట్లు వస్తే అది బ్రాడ్‌బ్యాండే అన్నారు. 2013లో 512 చేశారు. 2 మెగాబిట్లకు చేరడానికి 2023 దాకా నిదానించారు. కాబట్టి రాత్రి తొమ్మిదింటికి, కాలనీ మొత్తం ఒకేసారి మ్యాచ్ పెట్టుకున్న వేళ, మీ తెర మీద చక్రం గిరగిరా తిరుగుతున్నా, 2 మెగాబిట్లు అందుతున్నంత వరకు లెక్క ప్రకారం మీకు లోటేమీ లేదు.

వ్యాపారస్థుల కథ ఇంకా గంభీరమైనది. ఒప్పందంలో 99 శాతం సమయం నెట్ అందుతుందన్న మాటకు మురిసిపోయే షావుకారు, మిగిలిన ఆ ఒక్క శాతం ఏడాదికి 87 గంటల పైమాటేనని లెక్క వేసుకోడు. ఆ గంటలకు జీఎస్టీ రిటర్నుల ఆఖరి రోజైన 20వ తేదీ అంటే ఎందుకో వల్లమాలిన అభిమానం.

ఇక అతి జాగ్రత్తపరులు రెండు కంపెనీల కనెక్షన్లు తీసుకుంటారు. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందన్న ధీమాతో నిద్రపోతారు. ఆ రెండు తీగలూ ఒకే స్తంభం మీద, ఒకే కట్టలో, ఒకే టేపు చుట్టుకుని ఉంటాయి. ఎత్తుగా గడ్డి వేసుకొచ్చిన లారీ ఒక్కటి చాలు. 2025 ఆగస్టులో, విద్యుదాఘాత మరణాల తర్వాత (వాటితో పరిహాసం కూడదు, తీగలు భూమిలోకి పోవలసిందే) నగరంలో స్తంభాల మీది కేబుళ్ళను కత్తిరించుకుంటూ పోయినప్పుడు, చవక ప్లానని, ఖరీదు ప్లానని కత్తెర ఎవరినీ అడగలేదు.

అందువల్ల విజ్ఞులకు మనవి. ఎంబీపీఎస్ సంగతి అడగకండి. పక్కింటివారిని, కిందటి వానకు పోయిన నెట్ మళ్ళీ ఎప్పుడొచ్చిందో అడగండి. కాల్ సెంటర్ నంబరు కాదు, లైన్‌మన్ సొంత నంబరు సంపాదించండి. కాల్ సెంటర్ వారు రౌటర్ ఆపి మళ్ళీ ఆన్ చేయమంటారు. పెట్టె మీద ఎర్రలైటు అలాగే వెలుగుతుండగానే, మీ ఫిర్యాదు పరిష్కారమైందని సందేశం పంపి, ఐదు నక్షత్రాలు అడుగుతారు. లైన్‌మన్ అయితే బైకు మీద నిచ్చెన అడ్డంగా కట్టుకుని వచ్చి, "ఫైబర్ కట్టయింది సార్, అతుకు వెయ్యాలి" అని నిజం చెబుతాడు. అతను కుదరలేదంటే రెండో కంపెనీకి ఫోన్ చేసి చూడండి. చాలా వీధుల్లో వారి తరఫున వచ్చేదీ అతనే.