ఇంగ్లిషోడి రికార్డులకు దండం పెట్టాలట!

పొద్దున్నే గ్రూపులో ఒక పెద్దాయన ఉపదేశం. "బ్రిటిష్ వాళ్లు నడిసముద్రంలోని నేవీ స్టేషన్ల చిట్టాలు కూడా దాచుకున్నారు. మనవాళ్లకు ఆ శ్రద్ధ ఏది?" కింద వరసపెట్టి దండాల ఎమోజీలు. నాకు కాఫీ దిగలేదు.

దాచారండీ, ఎవరు కాదన్నారు? అట్లాంటిక్‌లో అసెన్షన్ దీవే తీసుకోండి. నెపోలియన్‌ను సెయింట్ హెలెనా దీవిలో ఖైదు పెట్టాక, ఫ్రెంచివాళ్లు అటుగా వచ్చి ఎత్తుకుపోతారేమోనని 1815లో ఆ బీడు దీవిలో నేవీని దింపారు. కాగితాల మీద దీవినే ఒక ఓడగా రాసుకున్నారు. కదలని ఓడ! 1821లో నెపోలియన్ పోయాడు, వీళ్లు మాత్రం 1922 దాకా అక్కడే. ఏ ఏడు ఎన్ని తాబేళ్లను పట్టారో లెక్క ఉంది. లండన్ దొరల తాబేలు సూపు మరి, లెక్క తప్పితే ఎలా?

అదే నేవీ పశ్చిమాఫ్రికా తీరంలో బానిస ఓడలను పట్టుకోవడానికి క్రూ అనే అక్కడి తెగవాళ్లను పనిలో పెట్టుకుంది. ఓడ హాజరుపట్టీలో వాళ్ల అసలు పేరుకు బదులు దొరలకు తోచిన పేరు తగిలించేవాళ్లు. 'బాటిల్ ఆఫ్ బీర్' అని కూడా! ఆ మనిషి మునిమనవడు లండన్ దాకా వెళ్లి, అక్కడ క్యూ అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో కూర్చుని, ముత్తాతను ఏ పేరు మీద వెతకాలి? తాబేలుకున్న మర్యాద మనిషికి లేదు. ఇదీ శ్రద్ధ!

అంత దూరం ఎందుకు, కాకినాడ దగ్గర మన కోరంగి ఉంది. 1802లో అక్కడ ఓడల మరమ్మతుకు డాక్ కడితే, మొదట అందులోకి వచ్చింది రాయల్ నేవీ ఓడ ఆల్బట్రాస్. ఓడ పేరు గెజిటీరులోకి, అదే జిల్లా వివరాల సర్కారు పుస్తకంలోకి ఎక్కింది. డాక్ తవ్విన కూలీ పేరు, ఓడ కింద దూరి చెక్కలు బిగించిన వడ్రంగి పేరు ఎవరైనా చూపించండి, అప్పుడు నేనూ దండం పెడతా. 1839 తుపాను ఊరునే ఊడ్చేసింది, అది వేరే ఏడుపు.

ఆ మాటకొస్తే నా అసలు మంట ఇంకోటి. మా తాత పొలం కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగాం. అక్కడి రికార్డు రూము ఉద్యోగి పళ్లు కుట్టుకుంటూ "చెదలు తినేశాయండీ" అన్నాడు. అప్పుడు ఈ పెద్దాయనే "పోనీలే బాబూ, పాత కాగితాలతో మనకెందుకు" అని నాకు నీతులు చెప్పాడు. లండన్‌ది చరిత్ర, మాది చిత్తుకాగితం!

ఆ పొలంలో ఇప్పుడు ఎవరిదో ఫంక్షన్ హాలు. పోయిన నెల అందులో పెళ్లికి నన్నూ పిలిచారు. వెళ్లలేదు. భోజనాలు బాగున్నాయట.