మత్తీయ తర్వాత ఎవరు?

మామయ్య ఆర్‌.సి.ఎం. గుడిలో ఉపదేశి. మేనల్లుడు బాప్టిస్టు పాస్టరు. పండక్కి కలిస్తే ఇద్దరికీ తగువు ఒక్కచోటే: యేసు పంపిన అపొస్తలుల అధికారం వాళ్లతోనే ఆగిందా, బిషప్పుల చేతికి వచ్చిందా?

అల్లుడు: అపొస్తలుల కార్యములు ఒకటో అధ్యాయం తియ్యండి మామయ్యా. యేసును పట్టిచ్చిన యూదా స్థానంలోకి వచ్చేవాడు యోహాను బాప్తిస్మం నాటినుంచి తమతో తిరిగినవాడై ఉండాలన్నాడు పేతురు. పునరుత్థానానికి సాక్షి కావాలన్నాడు. చీట్లు వేస్తే మత్తీయ పేరొచ్చింది. ఈ అర్హత రెండో తరంలో ఎవరికుంటుంది?

మామయ్య: అక్కడే ఇరవయ్యో వచనం చూడు. ‘అతని యుద్యోగము వేరొకడు తీసికొనును గాక.’ ఉద్యోగమన్నాక ఒకడు పోతే ఇంకొకడు వస్తాడుగా!

అల్లుడు: మరి పన్నెండో అధ్యాయంలో హేరోదు రాజు అపొస్తలుడైన యాకోబును కత్తితో చంపించాడు. ఆయన స్థానానికి చీట్లు ఎప్పుడు వేశారు?

(మామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. దెబ్బ గట్టిదే.)

మామయ్య: బిషప్పు అపొస్తలుడని మేమూ అనంరా. వాళ్లు అప్పజెప్పిన పని చూసేవాడు, అంతే. కొరింథువాళ్లు తమ పెద్దల్ని దింపేస్తే, క్రీ.శ. 96 ప్రాంతంలో రోమునుంచి అక్కడి సంఘ పెద్ద క్లెమెంతు ఉత్తరం వెళ్లింది. పదవి కోసం గొడవలొస్తాయని అపొస్తలులకు ముందే తెలుసట. తాము పెట్టినవాళ్లు కన్నుమూస్తే, యోగ్యులైన వేరేవాళ్లు ఆ పని అందుకోవాలని ఏర్పాటు చేసి వెళ్లారట.

అల్లుడు: సంఘమంతా ఒప్పుకుంటేనే అని కూడా అందులోనే ఉంది, ఆ ముక్క మీరు దాటేస్తారు. పైగా అప్పట్లో పెద్దలు, అధ్యక్షులు (మీరు బిషప్పులనేవాళ్లు) ఒకటే. ఫిలిప్పీ ఒక్క ఊరు, అయినా పౌలు ‘అధ్యక్షులకు’ అని బహువచనంలో రాశాడు.

మామయ్య: 110 ప్రాంతానికే అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్, బిషప్పు లేకుండా ఏదీ చెయ్యొద్దన్నాడుగా.

అల్లుడు: ఆయనే రోముకి రాస్తే, అక్కడి బిషప్పు ఊసే లేదు!

మామయ్య: సరే, లియోన్స్ బిషప్పు ఇరేనియస్ దగ్గరికి రా. రహస్య జ్ఞానం బోధించిన వాలెంటినస్ మనుషులేమో, మా గురువుకి పౌలు శిష్యుడు థియుదాసు నేర్పాడు, రహస్య బోధ మా దగ్గరుంది అంటున్నారు. బైబిలు తెరిచి కాదందామా అంటే, కొత్త నిబంధనలో ఏ పుస్తకాలుండాలో ఇంకా పూర్తిగా తేలలేదు. అందుకే 180 ప్రాంతంలో ఇరేనియస్ రోము బిషప్పుల పేర్లు లీనస్ నుంచి ఎలియుతెరస్ దాకా పన్నెండూ వరసగా రాశాడు. రహస్యమే ఉంటే సంఘాన్ని అప్పజెప్పినవాళ్లకి చెప్పకుండా దాస్తారా అని అడిగాడు. పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు అడగవూ? ఇదీ అంతే.

అల్లుడు: లింకులో పేర్లు కలవాలిగా! ఇరేనియస్ లెక్కలో క్లెమెంతు మూడోవాడు. 200 ప్రాంతంలో కార్తేజి రచయిత టెర్టూలియనేమో పేతురే ఆయన్ని నియమించాడంటాడు. రిజిస్ట్రారు ఊరుకుంటాడా?

మామయ్య: క్లెమెంతు అపొస్తలుల్ని కళ్లారా చూశాడని ఇరేనియస్సే రాశాడు. వరసలో మూడోవాడైతే పేతురు చెయ్యి పడకూడదా?

అల్లుడు: అది మీ ఊహ, డాక్యుమెంటు కాదు. వారసత్వం ఉన్నా కోరికలకు లొంగిన పెద్దలకి దూరంగా ఉండమన్నదీ ఇరేనియస్సే.

మామయ్య: ఒప్పుకున్నా. నిన్ను పాస్టరుగా నియమిస్తూ నీ తలమీద చెయ్యి పెట్టిందెవరు?

అల్లుడు: మా పెద్ద పాస్టరు గారు.

మామయ్య: ఆయనకి?

అల్లుడు ఇంకో రెండు పేర్లు చెప్పాడు. అంతకు వెనక ఎవరో తెలీదన్నాడు, తెలుసుకోవాల్సిన పనీ లేదన్నాడు.