పోస్ట్‌డాక్ నోటిఫికేషన్ దొరవారి సముఖానికి

దొరవారికి దండాలు.

"కణితి కణజాలం ఆప్టికల్ ఇమేజింగ్‌ల ఒక పోస్టు, వాక్-ఇన్, పొద్దున 9 గంటలకు" అని పీహెచ్‌డీ అయినోళ్లను పిలిచి, పొద్దంత కూసోబెట్టి, మూడింటికి "ఫండ్ ఇంకా రిలీజ్ కాలే" అన్నరు. దేవరకొండ, అచ్చంపేట నుంచి తెల్లారకముందే బస్సెక్కినోళ్లకు టీఏ, డీఏ ఇయ్యమని ముందే రాసిండ్రు లెండి. ఆ ఒక్క మాట మీదనన్న నిలబడ్డరు.

లేజర్ అలైన్ చెయ్యాలె, పైథాన్‌ల కోడ్ రాయాలె, ఎలుకలను పట్టాలె, పాథాలజీ తెల్వాలె, వయసు 35 దాటొద్దు, కాలం ఒక్క ఏడాది. ఓర్సుకుంటం. కానీ "తాజా కణజాలం" అని రాసిండ్రు చూడుండ్రి, అక్కడనే కడుపు మండుతది. ఆ కణితి ముక్కను ఆపరేషన్ థియేటర్ నుంచి ఎవరు తెస్తరు?

కోసి తీసిన నిమిషం నుంచే ముక్క మారుతుంటది. రక్తం ఆగితే ఆక్సిజన్ అందదు, కణాలల్ల ఎన్‌ఏడీహెచ్ (కణం శక్తి తయారుచేసుకునేటప్పుడు వాడే, తనంతట తానే మెరిసే పదార్థం) లెక్క తప్పుతది. 740 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర టూ-ఫోటాన్ లేజర్ (రెండు కాంతి కణాలు ఒక్కసారే తగిలేది) కొట్టి, 460 చుట్టుపక్కల వచ్చే వెలుగును పట్టేది దాని కోసమే కదా. విడిగా ఉన్న ఎన్‌ఏడీహెచ్ మెరుపు ఆయుష్షు 0.4 నానోసెకన్ల దగ్గర, ప్రొటీన్‌ను పట్టుకున్నదైతే రెండు దాటుతది. ఆ తేడా దొరకాలంటే ముక్కను చల్లటి మీడియంల ముంచి, ఆ సీసాను ఐస్‌ల పెట్టి, గడ్డకట్టనీయకుండ ఉరుకాలె. అంతకుముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, పేషెంట్ సంతకం. ఆపైన పాథాలజిస్టు అంచులకు ఇంకు పెట్టి, రిపోర్టుకు కావల్సింది తీసుకున్నంక మిగిలిందే మనది. వీటి మీద మీ నోటిఫికేషన్‌ల ఒక్క లైను లేదు.

లేకుంటే ఏమైతది? నర్సమ్మ ఎప్పటిలెక్కనే డబ్బాల ఫార్మాలిన్, అంటే ముక్క కుళ్లకుండ ఉంచే మందు, పోస్తది, ముక్కకు పదింతలు. ఆమె తప్పేం లేదు, రోగనిర్ధారణకు అదే పద్ధతి. అది ప్రొటీన్లను ఒకదానికొకటి కట్టేస్తది, దాని వల్ల లేని మెరుపు కూడ పుడతది. ఇగ స్క్రీన్ మీద కనపడేది కణితి జీవక్రియ కాదు, ఫార్మాలిన్ పనితనం. కొలాజెన్ (కణజాలాన్ని పట్టి ఉంచే నార ప్రొటీన్) లేజర్‌కు ఇచ్చే సెకండ్ హార్మోనిక్ సిగ్నల్ చాలావరకు మిగులుతది కాబట్టి ఆ బొమ్మలతోనే ఏడాది రిపోర్టు నింపుతరు. సీసా మీద 10 శాతం ఫార్మాలిన్ అని ఉంటది, లోపల ఫార్మాల్డిహైడ్ నాలుగు శాతమే. పైన ఒక మాట, లోపల ఇంకోటి, మీ చుట్టమే అయ్యుంటది.

అసలు నీకు సైంటిస్టు కావాల్నా, మైక్రోస్కోప్‌కు కావలి కావాల్నా? నల్లగొండల, పాలమూరుల మెడికల్ కాలేజీలున్నయి, సర్జన్లున్నరు, పాథాలజిస్టులున్నరు. ఒక్కనాడన్న బస్సెక్కి పోయి ఒప్పందం మాట్లాడినవా? అక్కడి ముక్క నీ క్యాంపస్‌కు చేరేటాలకు రెండు గంటలు దాటుతది. మైక్రోస్కోప్ థియేటర్ పక్క గదిల ఉండాలె, మూడో అంతస్తుల ఏసీ కింద కాదు!

ఈసారి అచ్చేసేటప్పుడు ఎథిక్స్ అనుమతి నంబరు రాయి. ముక్క ఎవరిస్తరో రాయి. థియేటర్‌కు, మైక్రోస్కోప్‌కు నడుమ ఎన్ని నిమిషాలో రాయి. జీతం సంగతి తర్వాత కొట్లాడుకుందాం.

ఇట్లు,
మళ్లా అప్లికేషన్ పెట్టబోయేటోళ్లు