రాష్ట్రపతి గారికి అద్దెకిచ్చిన ఇల్లు

మా ముందు వాటాలో భారత రాష్ట్రపతి గారు అద్దెకుంటున్నారు. నవ్వకండి, కాగితం ఉంది. కేంద్ర ప్రభుత్వం ఎవరితో ఏ అగ్రిమెంటు చేసుకున్నా, రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి పేరు మీదే చేసుకోవాలి. మా నాన్న 1979లో ముందు వాటా పోస్టాఫీసుకిచ్చినప్పుడు స్టాంపు కాగితం మీద అదే రాశారు. అప్పుడు రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి గారు. "మన తెలుగాయనకే ఇచ్చాను, అద్దె ఎగ్గొట్టడు" అని నాన్న పోయేదాకా ఊరంతా చెప్పుకున్నారు. నిజమే, ఎగ్గొట్టలేదు. ఆయనతో మొదలుపెట్టి ముర్ము గారి దాకా పదిమంది రాష్ట్రపతులు మారారు. అద్దె మూడుసార్లు మారింది.

పెంచమని అడగొచ్చు. అడిగితే ఫెయిర్ రెంట్ కమిటీ అని ఒకటి లెక్క వేస్తుంది. గదులు కొలిచి, చుట్టుపక్కల అద్దెలు ఎలా ఉన్నాయో చూస్తారు. మా చుట్టుపక్కల ఉన్నవి కొబ్బరితోటలు, ఒక చేపల చెరువు, మా పెదనాన్న గారి పశువుల సావిడి. వాటితో పోలిస్తే మా అద్దే ఎక్కువని తేలుతుందేమోనన్న భయంతో ఊరుకున్నాను.

ఇంటి వీధి గుమ్మం వాళ్లది కాబట్టి మేం పెరటి దారినే తిరుగుతాం. మా అమ్మాయి పెళ్లిచూపులకొచ్చినవాళ్లు ఆ సంగతి తెలీక పావుగంట ఆర్డీ డబ్బు కట్టే లైన్లో నించున్నారు. అరుగు స్తంభాలకి జనం తుడిచిన జిగురు ఎంత మందాన పేరుకుందంటే, మా ఆవిడ ఏటా సంక్రాంతికి దాన్ని గీకి, దాని మీదే సున్నం వేయిస్తుంది. మధ్యాహ్నం నేను నడుం వాల్చేసరికి గోడ అవతల ముద్రలు మొదలవుతాయి. ధన్, ధన్. ఆదివారం ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు, అది వేరే సంగతి.

ఇక అసలు విషయం. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. నర్సాపురమంటే మాకు వశిష్ఠ గోదావరికి అవతలి గట్టే. ఆ గాలికి మా పెరటి చెట్టు నుంచి కొబ్బరి గెల ఒకటి ఊడి, సరిగ్గా రాష్ట్రపతి గారి నెత్తిన పడింది. అదే, కౌంటరు మీది కప్పు మీద. అయిదారు మంగళూరు పెంకులు పగిలాయి. 1996 నవంబరు 6 తుపానుకి కప్పంతా లేచిపోతే నాన్న మళ్లీ వేయించిన పెంకులవి.

పొద్దున్నే పోస్ట్‌మాస్టరు గారు పెరటి గుమ్మంలోకి వచ్చారు. మంచి మనిషి. రోజూ మా ఇంట్లోనే కాఫీ.

"ఏవండీ, కంప్యూటరు మీద కారుతోందండీ."

"బకెట్టు పెట్టండి."

"పెట్టామండీ. ఆయ్, మీ బకెట్టేనండీ."

కప్పు మరమ్మతు ఓనరుదేనని అగ్రిమెంటులో ఉంది. కానీ తుపాను తర్వాత వారంలో మా వైపు పెంకులు సర్దే మనిషిని పట్టుకోవడం పులసని చేత్తో పట్టుకోవడమే. కొబ్బరి దింపు తీసే కుర్రాణ్ణి పిలిస్తే, "పడిపోయిన చెట్లు నరకడానికే ఖాళీ లేదండీ, వచ్చే వారం" అన్నాడు. ఆ వచ్చే వారం నాకు తెలుసు.

సోమవారం పొద్దున్న నేనే లుంగీ ఎగ్గట్టి నిచ్చెనెక్కాను. మా ఆవిడ కింద నుంచి వద్దంటూనే నిచ్చెన పట్టుకుంది. రెండు పెంకులు బానే మార్చాను. మూడోదాని దగ్గర, పెంకుల కింద నానిపోయిన రీపరు చెక్క మీద అడుగు వేశాను. ఫెళ్లుమంది. నడుం దాకా నేను కప్పు పైన, నా కుడికాలు మాత్రం ఆఫీసు లోపల.

కింద ఒక్క క్షణం ముద్రల చప్పుడు ఆగింది.

"ఎవరిదిరా అబ్బాయ్ ఆ కాలు?" అంది పాస్‌బుక్కు పట్టుకుని లైన్లో నించున్న మామ్మ.

పోస్ట్‌మాస్టరు గారు తలెత్తి చూసి, "ఓనరు గారిదండీ" అన్నారు. చెప్పు చూసి గుర్తుపట్టారట. తర్వాత కాస్త మొహమాటంగా పైకి చూస్తూ, "బాబుగారూ, మీ కాలు కౌంటరు ఇవతలికి వచ్చిందండీ. ఇక్కడ నగదుంటుంది కదండీ, బయటివాళ్లు రాకూడదండీ" అన్నారు.

"నాకూ రావాలని లేదండీ!"

మామ్మ మాత్రం, "పిక్క గీసుకుపోయింది, పసుపెట్టండర్రా" అని ఆర్డర్ వేసింది. పోస్ట్‌మాన్, పక్కింటి కుర్రాడు కలిసి నన్ను పైకి లాగేసరికి లైను రోడ్డు దాకా పెరిగింది. వాళ్లలో డబ్బు కట్టడానికి వచ్చినవాళ్లు సగమే అయ్యుంటారు.

పది రోజులకి డివిజన్ ఆఫీసు నుంచి నా పేర స్పీడ్ పోస్టు వచ్చింది. రిజిస్టర్ పోస్టుని అప్పటికే స్పీడ్ పోస్టులో కలిపేశారు కదా, అందుకని గౌరవంగా స్పీడులోనే పంపారు. ఆ పూట నేను కట్టు మార్పించుకోవడానికి వెళ్లాను, మా ఆవిడ గుడికెళ్లింది. తలుపు తాళం అని రాసుకుని పోస్ట్‌మాన్ దాన్ని వెనక్కి, అంటే గోడ అవతలికి, తీసుకెళ్లిపోయాడు. మర్నాడు కుంటుకుంటూ కౌంటరు దగ్గరికెళ్తే, పొద్దున్నే మా కాఫీ తాగిన పోస్ట్‌మాస్టరు గారు ఆధార్ కార్డు అడిగారు. రూలండీ, అన్నారు. కార్డు మీది అడ్రసు చదివి, తలెత్తి మా దూలాల వైపు ఓసారి చూసి, సంతకం పెట్టించుకున్నారు.

అరుగు మీదే కవరు చింపాను. కప్పు వెంటనే బాగుచేయించాలని మొదటి పేరా. రెండోదాంట్లో ఏముందంటే, ఇటీవల ఒక వ్యక్తి పైకప్పు గుండా ఆఫీసులోకి ప్రవేశించినట్లు తెలిసింది, నగదు, స్టాంపులు ఉండే చోటు గనుక ఇకపై అటువంటి వ్యక్తులు కప్పు ఎక్కకుండా ఓనరు తగిన చర్యలు తీసుకోవలెను.

ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనకుండా లేచి, నిచ్చెనని స్టోర్‌రూములో పెట్టి తాళం వేసి, ఆ చెవి కొంగున ముడేసుకుంది.