పది అంకెల పుణ్యఫలం

కారుకు 9999 నంబరు కావాలని రవాణా శాఖ వేలంలో లక్షలు కుమ్మరించే మనిషిని చూసి నవ్వడం మనలో చదువుకున్నవారికి అలవాటు. తొమ్మిదిలో ఏముంది, కారు నడిచేది పెట్రోలుతో కదా అని వారు నిలదీస్తారు. ఇదే ప్రశ్న కాలిఫోర్నియా వైపు తిరిగి అడగమంటే మాత్రం మౌనం వహిస్తారు. అక్కడివారి అంకెల భక్తికి గణితం అండ ఉంది గనుక అది మేధస్సు, ఇక్కడివారి భక్తికి ఆ అండ లేదు గనుక మూఢత్వం. ఈ అన్యాయాన్ని సరిదిద్దాలంటే గూగుల్ సంస్థ ఆచరించిన సంఖ్యావ్రతాలను శాస్త్రోక్తంగా పరిశీలించవలసి ఉంటుంది.

2004లో సిలికాన్ వ్యాలీ మీదుగా పోయే 101వ నంబరు రహదారి పక్కన గూగుల్ కట్టించిన ఒక హోర్డింగు వెలసింది. (101 ప్రధాన సంఖ్య, అంటే ఒకటీ తానూ తప్ప మరే సంఖ్యా నిశ్శేషంగా భాగించలేనిది. ఇది కాకతాళీయమని అనుకోవడం భక్తిహీనుల లక్షణం.) 'ఇ' అనే స్థిరాంకం విలువలో వరుసగా వచ్చే అంకెల్లో మొట్టమొదట కనిపించే పది అంకెల ప్రధాన సంఖ్య ఏదో అది, దాని తరువాత డాట్ కామ్: హోర్డింగు మీద ఉన్నది ఇంతే. సంస్థ పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. నాయకుడి ముఖం, ఆ ముఖం చుట్టూ శుభాకాంక్షలు తెలిపే ఇరవై ముఖాలు లేని హోర్డింగును మన ఊళ్లలో ఎవరైనా కడితే అది ఇంకా అద్దెకు ఖాళీగా ఉందనే అనుకుంటాం.

'ఇ' విలువ 2.718281828 అని మొదలై అంతం లేకుండా సాగుతుంది. రూపాయి అప్పుకు ఏడాదికి నూటికి నూరు వడ్డీ వేసి, ఆ వడ్డీని నెలకో రోజుకో కాకుండా క్షణక్షణానికీ అసలులో కలుపుతూ పోతే ఏడాది చివర తేలే బాకీ అది. పదిహేడవ శతాబ్దంలో ఈ లెక్కను పట్టుకున్నవాడు జాకబ్ బెర్నూలీ. మన కాల్ మనీ వ్యాపారులకు ఈ సంఖ్య పేరు తెలియకపోవచ్చు గానీ స్వభావం బాగా తెలుసు.

ఇక హోర్డింగు అడిగిన సంఖ్య 7427466391. దశాంశ బిందువు తరువాత 99వ స్థానం దగ్గర అది మొదలవుతుంది. పది అంకెల సంఖ్యల్లో సగటున 22, 23 సంఖ్యలకు ఒకటి ప్రధాన సంఖ్య అవుతుంది. ఆ సగటును నిర్ణయించే సహజ సంవర్గమానానికి (నేచురల్ లాగరిథమ్) ఆధారం మళ్లీ ఈ 'ఇ'యే. ఆ లెక్కన తొలి ప్రధాన సంఖ్య చాలా ముందుగానే దర్శనమివ్వవలసింది, కానీ భక్తులను నిరీక్షింపజేయడం దైవలక్షణం కాబట్టి 99వ స్థానం దాకా రాలేదు. నిరీక్షణ కూడా కంప్యూటరే చేసింది లెండి. నాలుగు వరుసల ప్రోగ్రాము రాసి ఊరుకుంటే యంత్రం వెతికి పెట్టింది, తెలివైనవాడన్న కీర్తి మాత్రం మనిషికి దక్కింది.

ఆ చిరునామాకు వెళ్లినవారికి వరం బదులు రెండో పరీక్ష ఎదురైంది. 7182818284, 8182845904, 8747135266, 7427466391 అని నాలుగు సంఖ్యలు ఇచ్చి ఐదోది చెప్పమన్నారు. నాలుగూ 'ఇ' అంకెల నుంచి తీసినవే. ఎందరో గణితజ్ఞులు ఏదో గంభీరమైన సూత్రం దాగి ఉంటుందని తలలు పట్టుకుని ఉంటారు. దాగి ఉన్నది ఏమిటంటే, ఏ సంఖ్యలోని పది అంకెలను కూడినా 49 వస్తుంది. ఆ వరుసలో తరువాత వచ్చేది 127వ స్థానం దగ్గర మొదలయ్యే 5966290435.

అంకెలను ఒకదానితో ఒకటి కూడి భవిష్యత్తు తేల్చడం! పుట్టిన తేదీతో ఇదే పని చేసి, పేరులో ఒక అక్షరం అదనంగా చేర్చుకోమని చెప్పే మన న్యూమరాలజిస్టు ఇంతకంటే ఏం చేస్తున్నాడు? పైగా అతడు 49 దగ్గర ఆగేవాడు కాడు. నాలుగూ తొమ్మిదీ కలిపితే 13, ఒకటీ మూడూ కలిపితే 4, నాలుగంటే రాహువు అని అక్కడికక్కడే హెచ్చరించి ఉండేవాడు. గూగుల్ స్థాపకులు చదివిన స్టాన్‌ఫర్డ్ చదువుల్లో ఈ చివరి రెండు కూడికలు లేకపోవడం వల్ల జరిగిన నష్టం ఎంతో ఇకముందు చూద్దాం.

అదే ఏడాది ఏప్రిల్‌లో సంస్థ షేర్లను ప్రజలకు అమ్మడానికి దరఖాస్తు పెడుతూ, సేకరించదలచిన మొత్తాన్ని 271 కోట్ల 82 లక్షల 81 వేల 828 డాలర్లుగా చూపింది. అంటే సరిగ్గా 'ఇ' వంద కోట్లు. ఆగస్టులో నిజంగా వచ్చినది సుమారు 167 కోట్లు. కాస్త తగ్గి ఉంటే స్వర్ణ నిష్పత్తి అయిన 1.618 అయినా తగిలేది, ఆ భాగ్యమూ లేకపోయింది. మరుసటి ఏడాది దేవుణ్ని మార్చి, 'పై' విలువలో దశాంశ బిందువు తరువాతి అంకెలను తీసుకుని 1,41,59,265 షేర్లు అమ్మకానికి పెట్టారు.

దివాలా తీసిన కెనడా టెలికాం సంస్థ నార్టెల్ పేటెంట్లు 2011లో వేలానికి వచ్చినప్పుడు ఈ భక్తి పరాకాష్ఠకు చేరింది. గూగుల్ ఒకసారి 190,21,60,540 డాలర్లు పాడింది. అది 3, 5 లాగా రెండే తేడా ఉన్న జంట ప్రధాన సంఖ్యల వ్యుత్క్రమాలను (1/3, 1/5 లాంటివి) కూడితే వచ్చే బ్రూన్ స్థిరాంకం. దాని విలువే గణితజ్ఞుల అంచనా, ఆ అంచనాను చివరి డాలరు వరకు పాడటానికి ధైర్యం కావాలి. ఇంకొకసారి ప్రధాన సంఖ్యలకే సంబంధించిన మైసెల్-మెర్టెన్స్ స్థిరాంకం ప్రకారం 261,49,72,128 డాలర్లు, ఆ పైన 'పై' ప్రకారం 314 కోట్ల 15 లక్షల 90 వేలు. ఆపిల్, మైక్రోసాఫ్ట్ తదితరుల కూటమి 450 కోట్లు పాడి పేటెంట్లను ఎత్తుకుపోయింది. నాలుగున్నర పేరుతో ప్రసిద్ధమైన స్థిరాంకం ఏదీ లేదు. అయినా వేలం వేసినవారు అభ్యంతరం చెప్పలేదు.

మళ్లీ హోర్డింగు దగ్గరకు వద్దాం. రెండు పరీక్షలూ గట్టెక్కినవారికి లభించిన ఫలం రెజ్యూమె పంపుకునే అవకాశం. మన యువకులు దానిని ఏ పజిలూ విప్పకుండానే రోజూ వందల చోట్లకు పంపుతూ ఉంటారు. ఆ హోర్డింగు ద్వారా ఉద్యోగంలో చేరినవారి సంఖ్య సున్నా అని సంస్థ మానవ వనరుల విభాగానికి సారథ్యం వహించిన లాజ్లో బాక్ తరువాత వెల్లడించారు. ఇంటర్వ్యూల్లో అడిగే పజిళ్లన్నీ కాలం వృథా చేసేవేనని 2013లోనే ఆయన చెప్పారు. 'ఇ'తో బయలుదేరి సున్నాకు చేరుకోవడం ఆయిలర్ సమీకరణంలోనూ ఉన్నదే. అయితే అందులో 'పై' తోడు కూడా కావాలి, హోర్డింగు కట్టేనాటికి వీరు ఇంకా 'పై' వ్రతం మొదలుపెట్టలేదు.

ఉద్యోగులు దొరక్కపోతేనేం, ప్రపంచమంతా సంస్థ పేరు మారుమోగింది కదా అని కొందరు వాదిస్తారు. ఆ వాదనలో బలం ఉంది. అనుకున్న పని జరగనప్పుడు ఫలితం వేరే రూపంలో వస్తుందని మన న్యూమరాలజిస్టు కూడా ఫీజు తీసుకునే ముందే చెప్పి పెడతాడు.