సవరణ: ఏప్రిల్‌లో ఆండలూసియా ప్రయాణం

స్పెయిన్‌లోని ఆండలూసియాకు ఏప్రిల్‌లో వెళ్లేవారికి పలుచని నూలు బట్టలు చాలునని ఇంతకుముందు రాశాను; అది సెవిల్ నగరానికి చాలావరకు సరిపోయే మాటే గాని, ప్రాంతమంతటికీ వర్తించదు. సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న గ్రనాడాలో అప్పటికీ రాత్రులు చలిగానే ఉంటాయి, దాని వెనుకనున్న సియెరా నెవాడా శిఖరాలపై మంచు పూర్తిగా కరగదు. పడమటి కొండల్లోని గ్రాసలేమాను అసలు ప్రస్తావించకపోవడం ఇంకా పెద్ద లోపం: అట్లాంటిక్ నుంచి వచ్చే తేమగాలులను ఆ కొండలు అడ్డుకోవడం వల్ల, స్పెయిన్‌లో అత్యధికంగా వానలు కురిసే చోట్లలో అది ఒకటైంది. తూర్పు తీరాన కాబో దె గాతాలో మాత్రం ఏడాది మొత్తానికీ 200 మిల్లీమీటర్లకు అటూఇటూగానే వాన పడుతుంది (మన అనంతపురమే దానికన్నా నయం). కనుక నూలు బట్టలతోపాటు గొడుగు, ఉన్ని కోటు కూడా సర్దుకోవాలని చదువుకోగలరు.