మక్తా, పంటలో పాలు రెండూ ఒకరికే దక్కితే

సంక్రాంతికి మా అక్క కొడుకు ముంబయి నుంచి వచ్చాడు. అక్కడ ఒక పెట్టుబడుల సంస్థలో పనిచేస్తున్నాడు. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్నప్పుడు, మాటల మధ్య, ఈసారి తనకు రాబోయే బోనస్ ఎంతో చెప్పాడు. ముప్పై ఏళ్లు వ్యవసాయ సహకార సంఘంలో లెక్కలు రాసినవాణ్ని కనుక ఏ అంకె విన్నా దేనితోనో పోల్చి చూసుకోవడం నాకు అలవాటు. సార్వాకు, అంటే ఖరీఫ్ పంటకు, మా సొసైటీ అరవై మంది రైతులకు ఇచ్చే పంట రుణాల మొత్తం సుమారుగా అంతే ఉంటుంది. "ఇది న్యాయమైన జీతమేనంటావా?" అని అడిగాను. వాడేమీ నొచ్చుకోలేదు. "న్యాయమే మావయ్యా, నేనెవరి దగ్గరా లాక్కోవడం లేదు కదా, ఇచ్చేవాళ్లు ఇష్టపడే ఇస్తున్నారు" అన్నాడు. పండుగ వెళ్లి పది రోజులైనా ఆ మాట నన్ను వదల్లేదు.

వాడు కష్టపడడని నేను అనను. పొద్దున ఎనిమిదింటికి వెళ్తే రాత్రి పదింటికి గానీ ఇల్లు చేరడని మా అక్క బెంగపెట్టుకుంటుంది. చదువులో మా ఊరి బడికే పేరు తెచ్చినవాడు. పెద్ద జీతం తీసుకోవడం తప్పని కూడా నేను అనుకోను. అయితే, ఇచ్చేవాడు ఇష్టపడి ఇచ్చాడు కాబట్టి న్యాయమేనన్న వాదన మాత్రం ఈ గోదావరి డెల్టాలో పుట్టినవాడికి మింగుడుపడదు. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకు 2,369 రూపాయల మద్దతు ధర ఉండేది, అంటే 75 కిలోల బస్తాకు 1,777 రూపాయలు. కోతలన్నీ ఒక్కసారే మీద పడి, కళ్లంలో ధాన్యం తడిసి, తేమ 17 శాతం దాటిందనగానే రైతు అంతకంటే తక్కువకే ఒప్పుకుంటాడు. సంతకం పెట్టేది ఆయనే, కానీ దాన్ని న్యాయమైన ధర అని ఇక్కడ ఎవరూ అనరు.

వాడు చెప్పిన రెండో కారణం ఇంకొంచెం బలమైనది. తాను తీసుకునే ఒక్క నిర్ణయం మీద వందల కోట్లు ఆధారపడి ఉంటాయి కనుక జీతం కూడా ఆ స్థాయిలోనే ఉండాలంటాడు. సుమారు 10 లక్షల ఎకరాల గోదావరి డెల్టా ఆయకట్టు ధవళేశ్వరం నుంచి వచ్చే నీటితోనే పండుతుంది, ఆ నీటిని కాలువ మీద పంచేది లస్కర్లు. దాళ్వాలో, అంటే రబీ పంటకు, వంతులవారీగా నీళ్లిచ్చే రోజుల్లో అర్ధరాత్రి లాంతరు పట్టుకుని వెళ్లి షట్టర్ ఎత్తే లస్కరు ఒక్క పూట ఏమరుపాటుగా ఉంటే శివారు భూముల్లో వందల ఎకరాలు నెర్రెలు తీస్తాయి. ఆయన చేతి మీదా కోట్లు ఆధారపడే ఉన్నాయి. అయినా ఆయన జీతాన్ని ఆ పంట విలువలో శాతంగా లెక్కకట్టాలని ఎవరికీ తోచలేదు. కాబట్టి ఆర్థిక రంగంలోని జీతాలకు కారణం బాధ్యత పెద్దది కావడం ఒక్కటే కాదు, పారే డబ్బుకు పక్కనే కూర్చుని అందులోంచి శాతం తీసుకునే వీలుండటం.

నా అభ్యంతరమంతా ఆ శాతం తీసుకునే పద్ధతి మీదే. మా వైపు భూమి కౌలుకు ఇచ్చిపుచ్చుకోవడంలో రెండు పద్ధతులున్నాయి. మక్తా అయితే పండినా ఎండినా ఇన్ని బస్తాలని ముందే మాట అనుకుంటారు. పాలు అయితే పండిన దాంట్లో వాటా, పోయిన దాంట్లోనూ వాటా. ఈ రెండింటినీ కలిపి ఒకే మనిషి తీసుకోవడం మా తాతల కాలం నుంచి నేనెక్కడా వినలేదు. సంపన్నుల, సంస్థల సొమ్ము తీసుకుని పెట్టుబడి పెట్టే హెడ్జ్ ఫండ్లలో చాలాకాలంగా వాడుకలో ఉన్న 'రెండు, ఇరవై' పద్ధతి సరిగ్గా అదే. అప్పగించిన సొమ్ము మీద ఏటా 2 శాతం, లాభం వస్తే అందులో 20 శాతం. లెక్క సులువుగా ఉండటానికి ఫీజు ఎప్పుడూ 1,000 కోట్ల మీదే అనుకుందాం. మొదటి ఏడాది 200 కోట్లు లాభం వస్తే నిర్వాహకులకు 20 కోట్లు, 40 కోట్లు కలిపి 60 కోట్లు. రెండో ఏడాది ఆ 200 కోట్లూ పోతే వారికి మళ్లీ 20 కోట్లు. రెండేళ్లలో వచ్చిందీ పోయిందీ సరిసమానమైంది, డబ్బు పెట్టినవాళ్లకు 80 కోట్లు తగ్గింది, ఆ 80 కోట్లు నిర్వహించినవాళ్లకు చేరింది. పాత నష్టం పూడేదాకా లాభంలో వాటా అడగకూడదన్న నిబంధన చాలాచోట్ల ఉంటుంది, అది మంచిదే. కానీ తీసుకున్న 40 కోట్లు వెనక్కి ఇమ్మని మాత్రం అది సాధారణంగా చెప్పదు.

ఈ మాట అనే ముందు నా సంగతీ చెప్పాలి. నా రెండెకరాలూ మక్తాకే ఇచ్చాను. 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను తీరం దాటిన మర్నాడు, గింజ గట్టిపడుతున్న చేను చాప పరిచినట్టు నీళ్లలో పడుకుని ఉంటే, కౌలు రైతు గట్టు మీద నిలబడి ఒక్కొక్క దుబ్బునే ఎత్తి చూస్తూ నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ సార్వా మక్తాలో నేను సగం వదులుకున్నాను. అదేమీ గొప్పతనం కాదు, ఎదుట నిలబడ్డ మనిషి ముఖం చూసి పూర్తి బస్తాలు అడగలేకపోయాను, అంతే. ముంబయిలో కూర్చున్నవాడికి డబ్బు పెట్టినవాడి ముఖం కనబడదు. అందుకే అక్కడ నియమం అవసరం.

నైపుణ్యానికే ఆ ధర అంటారా, దాన్ని కొలిచిన సందర్భం ఒకటుంది. 2008 నుంచి 2017 వరకు పదేళ్లకు అమెరికా పెట్టుబడిదారు వారెన్ బఫెట్ 10 లక్షల డాలర్ల పందెం కాశారు. హెడ్జ్ ఫండ్లలో పెట్టుబడి పెట్టే ఐదు ఫండ్లను ఎదుటివారు ఎంచుకున్నారు, ఆయన మాత్రం మార్కెట్ సూచీని అలాగే అనుసరించే మామూలు ఇండెక్స్ ఫండ్‌ను ఎంచుకున్నారు. అది 125 శాతానికి పైగా పెరిగింది. ఆ ఐదింటిలో ఒక్కటీ దాన్ని అందుకోలేదు.

ఇక ఆ సంపాదన ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు, ధరలు ఎటు కదులుతాయోనని వేసే పందేల్లాంటి ఫ్యూచర్లు, ఆప్షన్లలోకి దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, ఆ నష్టం మొత్తం 1.8 లక్షల కోట్లు దాటింది. 2023-24లో సంస్థల సొంత ట్రేడింగ్ విభాగాలు 33,000 కోట్లు, విదేశీ పెట్టుబడి సంస్థలు 28,000 కోట్లు లాభపడ్డాయి, అందులో అత్యధిక భాగం కంప్యూటర్ ప్రోగ్రాముల ద్వారా వచ్చినదే. రొయ్యల చెరువు మీద మిగిలిన డబ్బు ఫోన్‌లో ఆప్షన్లు కొని పోగొట్టుకున్న కుర్రాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్నారు. శీతల గిడ్డంగి కట్టుకోవడానికి అప్పు సమకూర్చినవాడి బోనస్‌నూ, ఈ బోనస్‌నూ నేను ఒకే గాటన కట్టలేను.

ఏం చేయాలో తెలియని సమస్య కూడా కాదిది. 2008లో అమెరికా ప్రభుత్వం ప్రజల సొమ్ముతో నిలబెట్టిన ఏఐజీ బీమా సంస్థలో, దాన్ని ముంచిన విభాగానికే 16.5 కోట్ల డాలర్ల బోనస్‌లు ఇస్తున్నారని 2009 మార్చిలో బయటపడి పెద్ద గొడవైంది. మన రిజర్వు బ్యాంకు 2019 నవంబరులో ప్రైవేటు బ్యాంకుల అధిపతుల జీతాల మీద నియమాలు పెట్టింది. వారి జీతంలో కనీసం సగం పనితీరును బట్టి ఉండాలి, ఆ సగంలో కనీసం 60 శాతాన్ని మూడేళ్లకు తక్కువ కాకుండా వాయిదా వేయాలి, తర్వాత నష్టం బయటపడితే ఆపేయడానికీ వెనక్కి తీసుకోవడానికీ వీలుండాలి. మ్యూచువల్ ఫండ్ నిర్వాహకులు తమ జీతంలో 20 శాతాన్ని తాము చూసే పథకాల్లోనే పెట్టాలని సెబీ 2021లో చెప్పింది, తర్వాత కొంత సడలించింది. సడలించకుండా ఉండాల్సింది. పరుల సొమ్ము నిర్వహించి శాతం తీసుకునే ప్రతి ఒక్కరికీ ఈ వాయిదా, ఈ వెనక్కి తీసుకునే హక్కు రెండూ వర్తించాలి.

తిరుగు ప్రయాణం రోజు మేనల్లుణ్ని రైలెక్కించడానికి భీమవరం స్టేషనుకు వెళ్తూ ఇదే వాడికి చెప్పాను. "అలా చేస్తే మంచివాళ్లంతా ఈ ఉద్యోగాలు మానేస్తారు మావయ్యా" అన్నాడు. బోనస్‌లో సగం మూడేళ్లు ఆపి, నష్టం వస్తే ఇవ్వబోమని చెబితే నువ్వు మానేస్తావా అని అడిగాను. చాలాసేపు కిటికీలోంచి చేల వైపు చూసి, తాను మాత్రం మాననని చెప్పాడు.